వంశమా, జడుపా?

పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి, నాలుగు ముక్కల్లో జవాబు రాసి పక్కన పెట్టదగ్గది కాదనిపించి విడిగా తీసివుంచాను. రాసినావిడ పేరూ, వూరూ చెప్పను. ఆవిడ భర్త హైస్కూలు మాస్టారు. నలభై రెండేళ్ళవాడు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి ఆయన ఎక్కిన బస్సు కల్వర్టు దగ్గర బోల్తా కొట్టింది. అంతవరకూ పక్కసీట్లో కూర్చుని కూతురి పెళ్ళి సంగతులు చెప్పుకొస్తున్న పెద్దమనిషి అక్కడికక్కడే పోయాడు. మాస్టారికి చెయ్యి విరిగింది, మళ్ళీ అతుక్కుంది. కాని ఆనాటినుంచీ ఆయన బస్సెక్కడు. వీధిలో లారీ హారను మోగితే ఉలిక్కిపడతాడు. రాత్రి రెండింటికి చెమటలు కక్కుతూ లేచి కూర్చుంటాడు. "ఏమిటండీ?" అంటే, "ఏమీ లేదు, పడుకో" అంటాడు. ఆరునెలల కిందట వేరే పనిమీద ఆస్పత్రికి వెళితే రక్తపుపోటు 160/100 వుందని తేలింది. మాత్ర రాసి ఇచ్చారు.

ఆవిడ అత్తగారు దీనికేమీ ఆశ్చర్యపడలేదట. "మా మామగారికీ వుండేది, మీ మామగారికీ వుండేది, ఇప్పుడు వీడికొచ్చింది. మా ఇంట్లో పొలాలు పోయినా ఇది మాత్రం పోలేదు" అన్నారట.

"ఇది నిజంగా వంశంనుంచి వచ్చిందా, ఆ బస్సునుంచి వచ్చిందా? డాక్టరుగారు బస్సు సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పవలసిన విషయమేనా?" అని ఆవిడ అడిగారు.

చెప్పవలసిన విషయమే. ఎందుకు చెప్పాలో వివరించడానికి ఈ వారం పేజీ అంతా కావాలి. నేను డాక్టర్ని కాను సుమండీ. డాక్టర్లు చదివేవీ రాసేవీ ఓపిగ్గా చదివి, మనకి పనికొచ్చేంతవరకు చెప్పగలను, అంతే.

ముందుగా అత్తగారి మాట. అందులో నిజం లేకపోలేదు. రక్తపుపోటు వంశాలలో నడుస్తుందన్న సంగతి ఎప్పటినుంచో తెలిసిందే. ఎలా నడుస్తుందన్న దానిమీద 1950లలో ఇంగ్లండులో ఇద్దరు పెద్ద వైద్యుల మధ్య సంవత్సరాల తరబడి వాదం జరిగింది. మాంచెస్టరుకు చెందిన రాబర్ట్ ప్లాట్, ఇది ఒకే ఒక జన్యువు పని అన్నారు. అది వున్నవాడికి జబ్బు వస్తుంది, లేనివాడికి రాదు. జార్జ్ పికరింగ్ ఒప్పుకోలేదు. మనుషులలో పొడుగూ పొట్టీ ఎలాగో రక్తపుపోటూ అలాగే, ఇదిగో ఇక్కడ జబ్బు మొదలయిందని గీత గీయడానికి ప్రకృతిలో ఎక్కడా గీత లేదు, అనేక జన్యువులు తలా కాస్తా చేయివేస్తాయి అన్నారు. చివరికి పికరింగ్ మాటే నెగ్గింది. 2018లో పది లక్షలమందికి పైగా మనుషుల జన్యువులు పరిశీలించి, రక్తపుపోటుతో సంబంధం వున్న చోట్లు 901 లెక్కవేశారు. ఒక్కొక్కదాని ప్రభావం చిటికెడు. అన్నీ కలిస్తే మాత్రం చిటికెడు కాదు. ఒకరికీ మరొకరికీ వుండే తేడాలో మూడోవంతు నుంచి సగం దాకా వారసత్వానిదేనని సాధారణంగా చెబుతారు.

మిగతా సగం సంగతి అత్తగారు చెప్పలేదు. ఇంకొకటి కూడా గమనించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో 24 శాతం మందికీ, ఆడవాళ్ళలో 21 శాతం మందికీ రక్తపుపోటు ఎక్కువగా వున్నట్టో, దానికి మందు వాడుతున్నట్టో తేలింది. నలుగురైదుగురిలో ఒకరికి వున్న జబ్బు కోసం ఏ ఇంటి వంశవృక్షం తిరగేసినా ఒక తాతో, మేనత్తో దొరక్కపోరు. తాత దొరికాడు కదా అని అక్కడితో వెతకడం మానేస్తే, మనవడికేమయిందో ఎవరూ అడగరు.

ఇక బస్సు మాట. మన ఇళ్ళలో పిల్లవాడు దేనికో జడుసుకుని ఒళ్ళు కాలిపోతుంటే "దడుపు జ్వరం" అని విభూతి పెట్టించేవారు. విభూతి సంగతి అలా వుంచండి. భయం మనసులోనే ఆగదు, వంటికి దిగుతుందని మాత్రం మన అమ్మమ్మలు గ్రహించారు. వైద్యశాస్త్రం అదే సంగతిని యుద్ధాలలోనూ, ప్రమాదాలలోనూ మెల్లమెల్లగా నేర్చుకుంది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక 1871లో డాకోస్టా అనే వైద్యుడు మూడువందల మంది సిపాయిల గురించి రాశాడు. పైకి ఏ జబ్బూ కనపడదు, కాని గుండె దడ, ఆయాసం, నాడి పరుగు. అప్పటికింకా చేతికి పట్టీ చుట్టి పోటు కొలిచే సాధనం లేదు. దాన్ని ఇటలీలో రీవా రోచీ 1896లో తయారుచేశాడు.

సాధనం వచ్చాక అంకెలు కూడా దొరికాయి. 1947 ఏప్రిల్ 16న అమెరికాలో టెక్సస్ సిటీ రేవులో ఎరువుల సరుకుతో వున్న ఓడ పేలి సుమారు 580 మంది చనిపోయారు. బతికి బయటపడినవాళ్ళను పరీక్షించిన వైద్యులు, వారిలో చాలామందికి రక్తపుపోటు పెరిగివుండడం చూసి మరుసటి ఏడే ఒక వ్యాసం ప్రకటించారు. 1995 జనవరి 17న జపానులో కోబే ప్రాంతపు భూకంపంలో 6,400 మందికి పైగా పోయారు. భూకంప కేంద్రానికి దగ్గరలోని అవాజీ ద్వీపంలో పనిచేస్తున్న కారియో అనే వైద్యుడి దగ్గర తన రోగుల పాత అంకెలు ముందునుంచే రాసివున్నాయి. భూకంపం తర్వాత కొలిస్తే పోటు పెరిగింది. చాలామందికి కొన్ని వారాలలో మళ్ళీ యథాస్థితికి వచ్చింది. మూత్రపిండాలు కాస్త దెబ్బతిన్న సూచనలున్నవారికి మాత్రం అంత త్వరగా దిగలేదు.

ఆ దిగకపోవడం దగ్గరే మన మాస్టారి కథ వుంది. ప్రమాదం జరిగిన కొత్తలో ఎవరికయినా నిద్ర పట్టదు, ఎవరికయినా గుండె అదురుతుంది. అది జబ్బు కాదు. అందరిలోనూ కాకపోయినా కొందరిలో నెలదాటినా, ఏళ్ళుదాటినా అదే పీడకల, అదే ఉలికిపాటు, అదే తప్పించుకు తిరగడం. దీనికి అమెరికా మానసిక వైద్యులు 1980లో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరుపెట్టారు. అంత పేరు మనకెందుకు, నిలిచిపోయిన జడుపు అనుకుందాం.

అది రక్తనాళాల దాకా ఎలా వెళుతుంది? ఇంట్లో దొంగ పడ్డాడని కేక వినపడితే ఏమవుతుంది? దీపాలు వెలుగుతాయి, ఒకరు కర్ర అందుకుంటారు, ఒకరు తలుపు గడియ బిగిస్తారు. వంట్లోనూ అంతే. మెదడులో బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం వుంది. కేక వేసేది అది. వెంటనే నరాలు గుండెను తరుముతాయి. మూత్రపిండాల నెత్తిన వుండే గ్రంథులు ఎడ్రినలిన్ వదులుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థం విడుదల చేస్తాయి, దాని మూలాన యాంజియోటెన్సిన్ అనేది తయారై నాళాలను మరింత బిగించి, ఉప్పునూ నీటినీ వంట్లో పట్టివుంచుతుంది. దొంగను తరమడానికి ఇదంతా కావలసిందే. దొంగ వెళ్ళిపోయాక దీపాలార్పి పడుకోవాలి. నిలిచిపోయిన జడుపువాడి ఇంట్లో దీపాలారవు. కాపలావాడు రోడ్డుమీద హారను మోగినప్పుడల్లా మళ్ళీ కేక వేస్తాడు. అర్ధరాత్రి కలలో కూడా వేస్తాడు. ఆరోగ్యంగా వున్నవాడికి నిద్రలో రక్తపుపోటు పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. గుండెకి దక్కే విశ్రాంతి అదే. సగం రాత్రి లేచి కూర్చునేవాడికి ఆ విశ్రాంతి కూడా సరిగా దక్కదు. దీనికితోడు నిద్రలేనివాడు సిగరెట్టు ఎక్కువ కాలుస్తాడు, ఒకరిద్దరు సీసా కూడా పడతారు, నడక మానేస్తారు. బస్సెక్కనివాడు వూరు దాటడు, వూరు దాటనివాడు క్రమంగా గడప కూడా దాటడు.

"బాగానే వుంది, కాని ఈ రెండూ ఒకే మనిషికి వంశంనుంచే వచ్చాయేమో! పుట్టుకతోనే పిరికివాడికి పోటు కూడా పుట్టుకతోనే వచ్చిందేమో!" అని అత్తగారు అడగవచ్చు. చాలా మంచి ప్రశ్న. సరిగ్గా దీనికోసమే పరిశోధకులు కవలలను వెతికారు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన అమెరికను కవల సోదరుల పట్టిక ఒకటి వుంది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే వంట. వారిలో గుండెజబ్బు లేని 281 జంటలను సుమారు పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. జడుపు నిలిచిపోయినవారిలో 22.6 శాతం మందికి గుండె రక్తనాళాల జబ్బు వచ్చింది. లేనివారిలో 8.9 శాతం మందికే. అసలు విశేషం ఇది కాదు. ఒక సోదరుడికి ఆ జడుపు వుండి, రెండోవాడికి లేని 103 జంటలను విడిగా చూశారు. అక్కడ 22.2, 12.8. అంటే తేడా కొంత తగ్గింది. ఆ తగ్గినంతమేరా వంశానిదీ, పెరిగిన ఇంటిదీ అనుకోవచ్చు. కాని మాసిపోలేదు. ఒకే తాత మనవలు, ఒకడి గుండె ఒకలా, మరొకడి గుండె ఇంకోలా. ఇది గుండెజబ్బు లెక్క, రక్తపుపోటు లెక్క కాదని మీరు పట్టుకోకముందే చెబుతున్నాను. పోటుకు వేరే లెక్క వుంది. ఇరాక్, ఆఫ్గనిస్తాన్ యుద్ధాలనుంచి తిరిగివచ్చిన 1 లక్షా 94 వేలమంది అమెరికను సైనికుల రికార్డులు 2017లో పరిశీలిస్తే, జడుపు నిలిచినవారికి కొత్తగా రక్తపుపోటు రావడం ఎక్కువగా వుంది. దానికి చికిత్స పొందినవారిలో ఆ ప్రమాదం తక్కువగా కనబడింది. ఈ రెండో వాక్యం ఆ ఉత్తరం రాసిన సోదరి కోసం.

అలాగని వంశాన్ని గడప అవతల నిలబెట్టడానికీ వీల్లేదు. ఒకే బస్సులో నలభైమంది వుంటారు, జడుపు అందరికీ నిలవదు. ఎవరికి నిలుస్తుందన్న దాంట్లోనూ పుట్టుక చేయి వుంది. ఆ కవలల పట్టికలోనే 1993లో చూస్తే, ఈ లక్షణాల తేడాలో సుమారు మూడోవంతు దాకా వారసత్వానిదని తేలింది. అంటే వంశం ఆ ఇంటి వీధి తలుపునుంచీ వస్తుంది, పెరటి తలుపునుంచీ వస్తుంది!

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. యాంజియోటెన్సిన్ పని మెదడులో కూడా వుంటుంది. అట్లాంటా నగరంలో బీదలు వెళ్ళే ఒక పెద్ద ఆస్పత్రి రోగులలో, దాన్ని అడ్డుకునే రక్తపుపోటు మాత్రలు వాడేవారికి జడుపు లక్షణాలు తక్కువగా వున్నాయని 2012లో గమనించారు. ఇతర రకాల పోటు మాత్రలలో అది కనపడలేదు. ఆశపుట్టింది. ఒకే మాత్రతో రెండు పిట్టలు! సరే చూద్దామని 149 మందిని తీసుకుని కొందరికి లోసార్టాన్ మాత్ర, కొందరికి వుత్తుత్తి మాత్ర పది వారాలు ఇచ్చారు. 2021లో ఫలితం వచ్చింది. ఇక్కడ నూటికి 58 మంది, అక్కడ నూటికి 58 మంది తేరుకున్నారు. జన్యువు ఫలానా రకం వున్నవారికయినా మేలుచేసిందా అని చూస్తే, అదీ లేదు. ఈమధ్య మీ జన్యువులు చూసి మీకు సరిపడే మందు చెబుతాం అని ప్రకటనలు వస్తున్నాయి. ఈ జబ్బు విషయంలో మాత్రం అటువంటి వాటికి డబ్బు పోయవద్దని నా అభిప్రాయం.

కనక, సోదరీ, మాస్టారు ఇప్పుడు వాడుతున్న మాత్ర మానకూడదు. పోటు వంశంనుంచి వచ్చినా, బస్సునుంచి వచ్చినా నాళాలకు చేసే హాని ఒక్కటే. ఈసారి డాక్టరు దగ్గరకు మీరూ కూడా వెళ్ళి, బస్సు సంగతీ, రాత్రి రెండింటి సంగతీ మీరే చెప్పండి. ఆయన చెప్పరు. మగవాళ్ళు విరిగిన చెయ్యి చూపిస్తారు గాని, బెదిరిన మనసు చూపించరు. మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే "నాకేం పిచ్చా?" అంటారు. కాదని నచ్చజెప్పడం మీ వంతు. అక్కడ చేసే పని మంత్రమూ కాదు, బుజ్జగింపూ కాదు. జరిగినదాన్ని తెలిసినవాళ్ళ ఎదుట మెల్లగా, మొదటినుంచి చివరిదాకా చెప్పించడం ఒకటి. తప్పించుకు తిరుగుతున్నదాని దగ్గరకు అడుగు అడుగుగా తీసుకువెళ్ళడం ఒకటి. ముందు బస్‌స్టాండులో కాసేపు నిలబడడం, తర్వాత ఆగివున్న బస్సులో కూర్చోవడం, ఆ తర్వాతే ఒక స్టేజీ ప్రయాణం. ఇంట్లోవాళ్ళు తొందరపడి నేరుగా మూడో మెట్టుకు లాక్కుపోకూడదు. దగ్గరలో అటువంటి వైద్యులు లేకపోతే 14416 అనే నెంబరుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

మీ గురించీ ఒక మాట. మూడేళ్ళుగా రాత్రి రెండింటికి లేస్తున్నది ఆయనొక్కరే కాదు. అమెరికాలో యాభైవేలకు కాస్త తక్కువగా నర్సులను ఇరవై ఏళ్ళకు పైగా గమనిస్తే, ఆపదలు చూసి ఆ లక్షణాలు మిగిలిపోయిన ఆడవాళ్ళలో కూడా రక్తపుపోటు రావడం హెచ్చుగానే కనబడింది. మీరూ ఒకసారి చూపించుకోండి.

ఇంట్లో మిషను కొన్నామని రాశారు గనక: కొలిచేముందు అయిదు నిముషాలు వూరికే కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద వుంచి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టాలి. కాఫీ తాగిన అరగంటలోపు వద్దు. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఒక నిముషం ఆగి రెండోసారి కూడా కొలిచి, రెండూ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. ఆ సమయంలో అత్తగారు పక్కన కూర్చుని "ఎంతొచ్చిందిరా?" అని అడక్కుండా వుంటే ఇంకా మంచిది. ఆవిడకి కూడా ఒకసారి కొలవండి. డెబ్భై దాటినావిడ, కోడలిగా ఆ ఇంటికి వచ్చినావిడ. ఆవిడకీ పోటు వుంటే, మీ మామగారి వంశంనుంచి వచ్చిందని మాత్రం ఆవిడ అనలేరు కదా!