ఆడలేక మద్దెల ఓడన్నారా? మద్దెలను కూడా ఒకసారి వాయించి చూడండి

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతను మనవాళ్ళు ఎంత ఇష్టంగా వాడతారో అంత అన్యాయంగానూ వాడతారు. ఓడినవాడు తన మాట చెప్పుకోబోయే లోపలే ఈ సామెతతో వాడి నోరు మూయించడం మనకు పరిపాటి. మద్దెల నిజంగానే ఓడైతే ఏమిటి గతి అని అడిగినవాడు కనబడడు. ఆ ప్రశ్నను నేను ఎయిర్‌గన్ గురి విషయంలో అడగదలచుకున్నాను. సాహిత్యం మాట్లాడుకునే చోట తుపాకి గొడవేమిటని మిత్రులు నొసలు చిట్లించనక్కరలేదు. ద్రోణుడు పెట్టిన పరీక్షలోని పిట్ట కన్ను మొదలు ద్రౌపదీ స్వయంవరంలోని మత్స్యయంత్రం దాకా, గురి చుట్టూ కథలల్లుకున్న జాతి మనది. ఈ చర్చ మనకు పరాయిది కాదు.

గురి నేర్చుకోదలచినవాడి చెవిలో ఇద్దరు సలహాదారులు రెండు అబద్ధాలు ఊదుతున్నారు. మొదటివాడు "సాధన ఒక్కటే చాలు, పనిముట్టు ఏదైతేనేం" అంటాడు. రెండవవాడు "ఇంకా ఖరీదైనది, ఇంకా శక్తిగలది కొనుక్కో, గురి దానంతటదే కుదురుతుంది" అంటాడు. మొదటివాడు వేదాంతిలాగా, రెండవవాడు వ్యాపారిలాగా కనిపిస్తారు గాని, నేర్చుకునేవాడికి ఇద్దరూ చేసే అపకారం ఒక్కటే. తన తప్పు ఎక్కడున్నదో తెలుసుకునే అవకాశాన్ని వాడికి దక్కనివ్వరు.

మొదటి అబద్ధానికి 2024లో ఒక బొమ్మ దొరికింది. పారిస్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్, మామూలు కళ్ళద్దాలతో, ఎడమచేయి జేబులో పెట్టుకుని రజతం గెలిచాడు. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. "చూశారా, ఏ సరంజామా లేకుండా పతకం కొట్టాడు" అని మనవాళ్ళూ మురిసిపోయారు. ఆ బొమ్మలో లేనివి ఏమిటో చూడండి. జేబులో చేయి ఆయన విలాసం కాదు. పిస్టల్ పోటీలో ఒంటిచేత్తోనే కాల్చాలి గనుక, రెండవ చేయి ఊగిసలాడకుండా జేబులోనో నడుముపట్టీ దగ్గరో ఆనించుకోవడం అందరూ చేసేదే. ఆయన వదులుకున్నది ప్రత్యేకమైన కళ్ళద్దాల చట్రమూ, పక్కచూపును కప్పే రేకులూ మాత్రమే. చేతిలో ఉన్నది జాతరలో బుడగలు పేల్చే తుపాకి కాదు, పోటీల కోసమే తయారైన పిస్టల్. అంతకన్నా ముఖ్యం, ఆయన తొలి ఒలింపిక్స్ 2008 నాటి బీజింగ్. పారిస్ ఆయనకు ఐదవది. ఆ పదహారేళ్ళు ఫొటోలో పడలేదు.

అదే పోటీలో కాంస్యం గెలిచిన జంట మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్. మను కథ ఈ సామెతకు సూటి జవాబు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ నడుమ ఆమె పిస్టల్ మొరాయించింది. విలువైన నిమిషాలు మరమ్మతుకే పోయాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచింది. తుది పోటీకి వెళ్ళేది ఎనిమిది మంది. అప్పుడు ఆమెను ఆడిపోసుకున్నవారికి ఈ సామెత ఎంత చక్కగా ఉపయోగపడిందో గుర్తు చేసుకోండి. మూడేళ్ళ తరువాత అదే క్రీడలో రెండు కాంస్యాలు తెచ్చింది. మద్దెల ఓడు కావడం కూడా లోకంలో ఉన్నదన్నమాట.

అయితే వ్యాపారి గెలిచినట్టేనా? కాదు. అతడి అబద్ధం ఇంకా ఖరీదైనది.

ఎయిర్‌గన్ అమ్మేవాడు మొదట చెప్పేది వేగం. సెకనుకు వెయ్యి అడుగులు, పన్నెండు వందల అడుగులు అంటూ పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. ఒలింపిక్ స్థాయి ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ను పంపే వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు, అంటే 560 అడుగులకు అటూ ఇటూ. లోకంలోకెల్లా సూక్ష్మమైన గురి ఆ వేగంలో సగానికే సాధ్యమవుతుండగా మనకు రెట్టింపు దేనికి? లెక్క వేసుకుందాం. 170 మీటర్ల వేగంతో పది మీటర్లు దాటడానికి పట్టేది సెకనులో వందకు ఆరు వంతులు. ఆ లోపల పెల్లెట్ భూమివైపు జారేది రెండు సెంటీమీటర్ల లోపే. అదీ ప్రతిసారీ ఒకే కొలత గనుక సైటు మర తిప్పితే సరిపోతుంది. వేగం తీర్చగలిగిన లోటు అక్కడ ఏమీ లేదు.

వేగం తెచ్చిపెట్టే నష్టం మాత్రం ఉన్నది. నడుము సన్నగా, వెనుక గంటలా విచ్చుకుని ఉండే పెల్లెట్ ఆకారం ధ్వనివేగానికి బాగా దిగువన ప్రయాణించడానికి తగినది. ధ్వనివేగాన్ని, అంటే సెకనుకు 340 మీటర్లను, సమీపించిన కొద్దీ దాని నడక తడబడుతుంది. పైగా చవకగా ఆ వేగం ఇవ్వాలంటే బలమైన స్ప్రింగు పెట్టాలి. స్ప్రింగు విడివడి పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు ఊగుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే ఈ కుదుపు మొదలవుతుంది. స్ప్రింగు ఎంత బలమైనదైతే నేర్చుకునేవాడి పట్టులోని చిన్న తేడా కాగితం మీద అంత పెద్ద తప్పుగా అచ్చుపడుతుంది. శక్తి పేరుతో వాడు కొన్నది నిజానికి గందరగోళం.

మరి పనిముట్టు విలువ ఎంత? నా వాదనకు ఆయువుపట్టు ఒక చిన్న లెక్క. తుపాకి తనంతట తాను పెల్లెట్లను 1 సెంటీమీటరు మేర చెదరగొడుతుందనీ, పట్టినవాడి చేయి 4 సెంటీమీటర్లు చెదరగొడుతుందనీ అనుకుందాం. రెండూ కలిస్తే 5 కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పొరపాట్లు వాటి వర్గాల లెక్కన కలుస్తాయి. ఒకటీ పదహారూ పదిహేడు, దాని వర్గమూలం 4.1. ఇప్పుడు ఆస్తులమ్మి ఏ దోషమూ లేని తుపాకి కొన్నారనుకోండి. చెదురు 4కు దిగుతుంది. లాభం ఒక్క మిల్లీమీటరు! తుపాకిని అలాగే ఉంచి సాధనతో చేతి చెదురును సగం చేస్తే మొత్తం 2.2కు వస్తుంది. చేయి 1 సెంటీమీటరుకు కుదిరిన నాడు మాత్రం కథ మారుతుంది. అప్పుడు మొత్తం 1.4, మంచి తుపాకితో 1. ఆ నాడు కొన్న తుపాకి వృథా కాదు. పనిముట్టు విలువ దాని ధరలో లేదు, దాన్ని పట్టినవాడి చేయి ఎక్కడికి వచ్చిందన్నదానిలో ఉన్నది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి గుండుకు 10.8 కొట్టి స్వర్ణం గెలిచాడు. ఆ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అక్కడ తుపాకిలోని ప్రతి మరా లెక్కకు వస్తుంది. నిన్న మొన్న తుపాకి పట్టిన పిల్లవాడికి ఆ మరలే అమ్మజూపడం దగా.

కాబట్టి సామెత వల్లించే ముందు, కొత్త తుపాకికి డబ్బు కూడబెట్టే ముందు, మద్దెలను వాయించి చూడాలి. పద్ధతి సులువైనది. ముందు తుపాకి మరలన్నీ బిగించండి. వెనుక గట్టి అడ్డు, దారిలో ఎవరూ లేకుండా చూసుకుని పది మీటర్ల దూరాన కాగితం కట్టండి. బల్ల మీద మెత్తటి సంచి, సంచి మీద అరచేయి, అరచేతి మీద తుపాకి. స్ప్రింగ్ తుపాకిని గట్టిగా అదిమి పట్టకూడదు. ఎటు కదలదలచితే అటు, కాని ప్రతిసారీ ఒకేలా, కదలనివ్వాలి. పది పెల్లెట్లు కాల్చండి. మూడుతో సరిపెట్టుకుంటే అదృష్టాన్ని నైపుణ్యమనుకునే ప్రమాదముంది. నడుమ సైటు జోలికి పోవద్దు. తరువాత మరో కాగితం కట్టి, నిలబడి మరో పది కాల్చండి.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తీర్పు వాటి మీదే ఉంటుంది. సంచి మీద కాల్చినవి రూపాయి బిళ్ళ కింద దాగి, నిలబడి కాల్చినవి అరచేయంత పరుచుకుంటే మద్దెల మంచిదే, ఆట నేర్చుకోవాలి. సంచి మీదనే అరచేయంత పరుచుకుంటే, పట్టు సరిచూసుకున్నాక కూడా అలాగే ఉంటే, మద్దెల ఓడు. రంధ్రాలు ఒకచోటే గుమిగూడి నడిమికి దూరంగా ఉంటే అది తప్పే కాదు, సైటు మర తిప్పితే పోయే దూరం. మద్దెల ఓడని తేలినా వెంటనే దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. రెండు మూడు రకాల పెల్లెట్ డబ్బాలు తెచ్చి, ఒక్కొక్క రకంతో పదేసి కాల్చండి. ఒకే తుపాకి ఒక పెల్లెట్‌ను చెదరగొట్టి, మరొకదాన్ని ఒద్దికగా ఒకచోట చేర్చడం కద్దు. డబ్బు ఖర్చు పెట్టే వరుస నా దృష్టిలో ఇది: మొదట పెల్లెట్లు, తరువాత మెత్తగా, ఒకే తీరున వదిలే ట్రిగ్గర్, తరువాత భుజానికీ చెంపకూ కుదిరే మడమ, తరువాత సైటు. వేగం ఈ పట్టికలో లేదు.

ఆట నేర్చుకోవలసినది మనిషేనని తేలినప్పుడు మన పురాణం కూడా కాస్త దారి తప్పిస్తుంది. అర్జునుడికి పిట్ట కన్ను తప్ప మరేమీ కనిపించలేదట. పిస్టల్ పట్టినవాడు అలా చూస్తే ఓడిపోతాడు. వాడి చూపు ముందు సైటు మీద నిలవాలి, లక్ష్యం మసకగా కనబడితే చాలు. పిస్టల్ రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లనుకుంటే, వాటి పొందికలో 0.3 మిల్లీమీటర్ల తేడా పది మీటర్ల దూరాన 9 మిల్లీమీటర్లవుతుంది. ఒక పాయింటు పోవడానికి అది చాలు. చేయి వణకడం అందరికీ ఉన్నదే. వణుకును చూసి బెదిరి ట్రిగ్గర్‌ను గుంజడమే అసలు దోషం. ఊపిరి సగం వదిలి నిలిపి, వేలిని మెల్లగా నొక్కుతూ, పెల్లెట్ వెళ్ళిన తరువాత కూడా ఒక క్షణం అలాగే నిలబడాలి. ఈ చదువుకు ఖర్చు లేదు, ఓపిక కావాలి.

"ఇంత చెప్పినా చివరికి డబ్బున్నవాడే గెలుస్తాడు కదా" అని ఒక అభ్యంతరం రావచ్చు. బింద్రాకు ఇంటి ఆవరణలోనే షూటింగ్ రేంజ్ ఉండేది, కాదనను. శిఖరం దగ్గర డబ్బు మాట్లాడుతుంది. కాని కొండ మొదట్లోనే శిఖరం దగ్గర కట్టవలసిన సుంకం వసూలు చేస్తున్నారు, నా ఫిర్యాదు అదీ. లక్షల తుపాకి లేనిదే ఇటు రావద్దన్న మాట విని వెనుదిరిగే పిల్లలు ఎందరో. ఉమ్మడి తుపాకితో ఆరు నెలలు కాల్చనిచ్చి, వాళ్ళ కాగితాలు చూసి, ఆ తరువాత కొనమని చెప్పడం శిక్షకుల ధర్మం. రెండు కాగితాలు చూపకుండా కొనమనే శిక్షకుణ్ణి నిలదీయడం తల్లిదండ్రుల హక్కు.

వేగం చూసి కొన్న తుపాకికి మరో గతి కూడా పడుతుంది. కాగితం మీద కుదరని గురి విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టిన చేయి చెట్టు మీది గువ్వవైపు తిరుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి అటుంచి, చేతకానితనాన్ని ఒక ప్రాణం మీద తీర్చుకోవడం ఏ గురువూ నేర్పిన విద్య కాదు. ద్రోణుడు సైతం చెట్టు మీద పెట్టింది బొమ్మ పిట్టనే.

ఇకమీదట ఎవరైనా ఆడలేక మద్దెల ఓడంటే, వెంటనే నవ్వకండి. రెండు కాగితాలు అడగండి. తప్పు ఆటలో ఉంటే ఆటను, మద్దెలలో ఉంటే మద్దెలను సరిచేద్దాం. ఏది ఓడో తేలకముందే మనిషిని ఓడించే సామెత మాత్రం మనకు వద్దు.