వాడ నుంచి ఉత్తరాలు – 9: రాజీనామా చేయడానికి నౌకరీ ఏది?

"అన్నా, మానేద్దామనుకుంటున్న. తప్పా?"

ఈ ఒక్క లైను మెసేజ్ వచ్చి పది రోజులైంది. పంపింది మా జిల్లా చెల్లె. జువాలజీ పీజీ, సెట్ క్వాలిఫై. నాలుగేళ్లుగా ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. మూడుసార్లు జవాబు టైప్ చేసి కొట్టేసిన. ఇప్పుడు ఆమెను అడిగే, పేరు లేకుండా, ఇక్కడ రాస్తున్న. ఇన్‌బాక్స్‌లో ఈ ప్రశ్న వేసేది ఆమె ఒక్కతే కాదు.

ముందు లెక్క. పీరియడ్‌కు 390 రూపాయలు. నెలకు 72 పీరియడ్లు దాటొద్దు. ఎంత గొంతు చించుకున్నా 28,080. ఇది కాగితం మీది లెక్క. దసరా, సంక్రాంతి, పరీక్షలు, ప్రాక్టికల్స్ తీసేస్తే ఆమె చేతికొచ్చేది ఏ నెలా అంత లేదు. ఎండాకాలం రెండు నెలలు సున్నా. వచ్చేదైనా నెలనెలా రాదు, బడ్జెట్ రిలీజైనప్పుడు మూడు నెలలది ఒక్కసారి పడుతుంది. ఈలోపు బస్ పాస్‌కు, ఇంటి కిరాయికి అప్పు. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే రెగ్యులర్ సారుకు మాత్రం ఒకటో తారీఖు అంటే ఒకటో తారీఖే.

మరి ఎందుకు మానలేకపోతున్నవ్ అని అడిగిన. ఆమె జవాబు చదివి నాకు నిద్ర పట్టలేదు. "ఊర్లో మా అమ్మను ఇప్పటికీ 'ఏమే' అనే పిలుస్తరు. నన్ను మాత్రం 'మేడమ్' అంటున్నరు. మానేస్తే అది పోతది అన్నా."

ఇది అర్థం కానోళ్లే మనకు కెరీర్ సలహాలు ఇస్తుంటరు. సర్కారు ఆమెకు జీతం బదులు ఇస్తున్నది ఈ 'మేడమ్' అనే మాటే. తరతరాలుగా మర్యాద దొరకని వాడకు మర్యాద ఎంత ఖరీదైందో వాళ్లకు తెలుసు. అందుకే దాన్ని చూపించి కూలి తగ్గిస్తరు. మూడెకరాల తరి, తండ్రి పెన్షన్ ఉన్న మిత్రుడు ఇదే గెస్ట్ పోస్టులో చేరి, ఆర్నెల్లకు విసుగొచ్చి వెళ్లిపోతడు. అతనికి అది అనుభవం. మనకు అది ఇల్లు.

నేనూ చేసిన ఈ పని. సివిక్స్ చెప్పేటోణ్ణి. 23వ అధికరణం, వెట్టి నిషేధం, వచ్చినప్పుడు పుస్తకంలో లేకపోయినా ఒక తీర్పు గురించి చెప్పేటోణ్ణి. ఢిల్లీ ఆసియాడ్ నిర్మాణ కూలీల కేసు, 1982. జస్టిస్ భగవతి ఏమన్నడంటే, బలవంతం అంటే కొట్టి చేయించుకోవడం ఒక్కటే కాదు. వేరే దారి లేక, ఆకలి తరుముతుంటే కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకుని చేసే పని కూడా బలవంతపు పనే అని. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. నాకు గర్వమైంది.

అదే ఏడు ఏప్రిల్‌లో అమ్మతోపాటు ఆటో ఎక్కి మిరపకాయలు ఏరడానికి పోయిన. మధ్యాహ్నం చేను గట్టు మీద మా ఫస్టియర్ పిల్లగాడు కనబడ్డడు. నేను తువ్వాల మొహానికి చుట్టుకుని అటు తిరిగి కూర్చున్న. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. కూలి పనికి సిగ్గుపడొద్దని క్లాసులో చెప్పినోణ్ణి నేనే. ఆ రోజు దాక్కున్నది కూలీ కాదు, 'సార్' దాక్కున్నడు.

1982 తీర్పు చెప్పేటోణ్ణి గానీ, 2006 ఏప్రిల్ 10 నాటి ఉమాదేవి తీర్పు చెప్పేటోణ్ణి కాదు. నాకే తెలువదు అప్పటికి. రాజ్యాంగ ధర్మాసనం అందులో, టెంపరరీగా చేరినవాడు కళ్లు తెరుచుకునే చేరుతడు, బేరమాడే స్థితిలో లేకపోయినా సరే, పర్మినెంట్ చేయమని అడిగే హక్కు లేదు అంది. అదే తీర్పు, మంజూరైన పోస్టుల్లో కోర్టు ఆర్డర్ల అండ లేకుండా పదేళ్లు చేసినోళ్లను ఒక్కసారికి క్రమబద్ధీకరించమని కూడా అంది. సర్కార్లు మొదటి ముక్కను ఫ్రేము కట్టి పెట్టుకున్నయి, రెండో ముక్కను మరిచిపోయినయి. 2016 అక్టోబర్‌లో జగ్‌జీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తదని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏండ్ల తరబడి ఊడ్చి తుడిచినోళ్లను తీసేయడం తప్పని, రెగ్యులర్ చేయమని చెప్పింది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని అన్యాయం చేస్తున్నరని కూడా అంది. చీపురు పట్టినోళ్లు గెలిచిన కేసు అది. చాక్‌పీసు పట్టిన మనం దాన్ని చదవనైనా చదవాలె కదా.

ఇగ సలహాదారుల సంగతి.

ఒక రకం: "రిస్క్ తీసుకో, మానేసి అశోక్‌నగర్ పో, గ్రూప్-1 కొట్టు." సరే, ఆ మాట విని 2022 ఏప్రిల్‌లో మానేసినోళ్లకు ఏమైందో చూద్దాం. 503 పోస్టుల నోటిఫికేషన్. అక్టోబర్ 16న ప్రిలిమ్స్. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ రాసిండ్రు. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. రెండేళ్లు దాటింది, చేతిలో ఒక్క రూపాయి లేదు, హాస్టల్ బాకీ మాత్రం ఉంది. తప్పు ఆ పిల్లలది కాదు. కానీ రిస్క్ తీసుకొమ్మన్నోడు ఒక్క నెల మెస్ బిల్లైనా కట్టిండా?

రెండో రకం మన ఇంటి పెద్దలు. "సర్కారు కొలువు బిడ్డా, పట్టుకునుండు, ఎప్పటికైనా పర్మినెంట్ అయితది." కాంట్రాక్ట్ లెక్చరర్లకు అయింది కదా అంటరు. అయింది, 2023లో. వాళ్లలో చాలామంది నడివయసు దాటినంక. అదీ కాంట్రాక్ట్ ఆర్డర్ ఉన్నోళ్లకు. గెస్ట్‌కు ఆ ఆర్డర్ కూడా ఉండదు. చెల్లె, నువ్వు రాజీనామా చేయాలన్నా ఎవరికి చేస్తవ్? నీది రాజీనామా అవసరమున్న నౌకరీ కాదు. రేపు పోకపోతే ఎల్లుండి ఇంకొకరు వస్తరు, రిజిస్టర్‌లో పేరు మారుతది, అంతే.

మూడో రకం మనోళ్లే. "బాబాసాహెబ్ ఉద్యోగాలు విసిరికొట్టలేదా" అని పోస్టులు పెడుతుంటరు. కొట్టిండు, నిజమే. కానీ ఎట్లా? 1918 నవంబర్‌లో బొంబాయి సిడెనహామ్ కాలేజీలో చేరిండు. అదీ తాత్కాలిక పోస్టే. నెలకు 450 రూపాయలు. స్టాఫ్ రూమ్ కుండలో నీళ్లు తాగితే తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పిండ్రు. ఆ రోజే కోపంతో బయటికి రాలేదు. రూపాయి రూపాయి కూడబెట్టిండు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నవల్ భతేనా దగ్గర అప్పు కలుపుకొని, 1920లో రాజీనామా చేసి, ఆగిపోయిన చదువు కోసం లండన్ ఓడెక్కిండు. ఏడాదిన్నర లెక్క వేసుకుని మానేసినోణ్ణి, మనం ఆవేశంతో విసిరికొట్టినోడిగా పోస్టర్ వేసుకున్నం.

మనోళ్ల గురించి ఇంకో ముక్క, తిట్టుకున్నా సరే. రిజర్వేషన్ మీద గంట మాట్లాడే మన పర్మినెంట్ ప్రొఫెసర్లు చాలామంది, తమ డిపార్ట్‌మెంట్లో ఎంతమంది గెస్టులో, వాళ్లకు జీతమొచ్చి ఎన్ని నెలలైందో చెప్పలేరు. ఏప్రిల్ 14న దండకు మాత్రం గెస్టుల దగ్గరా చందా వసూలు చేస్తరు.

అసలు విషయం ఇక్కడుంది. చెల్లె నిలబడి పాఠం చెప్పే ఆ చోటు ఒక ఖాళీ పోస్టు. ఆ పోస్టు భర్తీ అయితే రోస్టర్ పాయింటు వస్తది. రోస్టర్ వస్తే ఎస్సీ, ఎస్టీ, బీసీ వాటా వస్తది. గెస్ట్‌తో నడిపినంత కాలం ఆ పాయింటు నిద్రపోతది. 16(4) ఎవరూ రద్దు చేయలేదు, చేయాల్సిన పని కూడా లేదు. పోస్టు నింపకుంటే చాలు. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో 45 రోజులు దాటిన తాత్కాలిక నియామకాలకు రిజర్వేషన్ ఉందని 2023లో సుప్రీంకోర్టు ముందు కేంద్రమే ఒప్పుకుంది. మరి మీ కాలేజీ గెస్ట్ ఎంపికలో రోస్టర్ పాటించిండ్రా? ఎవరైనా అడిగిండ్రా?

అందుకే నా జవాబు: మానెయ్యి. కానీ ఈ నెల కాదు, సిగ్గుతో కాదు, ఒంటరిగా కాదు. ఈ ఏడాది చివరి పీరియడ్ దాకా చెప్పు, రావాల్సిన బకాయి మొత్తం తీసుకో. ఈలోపు ప్రతి ఏడాది ఎంపిక ఆర్డరు, పీరియడ్ల రిజిస్టర్ పేజీలు, డబ్బు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్ కాపీలు తీసిపెట్టుకో. అనుభవ ధ్రువపత్రం ప్రిన్సిపల్ సంతకంతో ఉండగానే తీసుకో, మానేసినంక తిప్పించుకుంటరు. ఏజెన్సీల ద్వారా చేసే తమ్ముళ్లు పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో చూసుకోండి. జీతంలో కోసింది ఖాతాలో పడిందో లేదో అప్పుడే తెలుస్తది. పోయే చోట కనీసం ఇప్పుడొచ్చేదానికి తగ్గకుండా, పన్నెండు నెలలూ వచ్చేట్టు చూసుకో. ట్యూషన్ సెంటరైనా సరే. పోటీ పరీక్ష దాని పక్కన రాసుకో, దాన్నే నమ్ముకుని కాదు.

పోయేముందు ఆర్టీఐ వెయ్యి. మీ కాలేజీలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏ తారీఖు నుంచి, ఒక్కోదాని రోస్టర్ పాయింటు ఏంది. నీ పేరుతో వేయడానికి భయమైతే నా పేరుతో వేస్త. ముప్పై రోజుల్లో జవాబియ్యాలె. ఆ కాగితం నీకు పనికిరాకపోవచ్చు, నీ తర్వాత ఆ చోట నిలబడే పిల్లకు పనికొస్తది.

ఇగ 'మేడమ్' సంగతి. దానికి నా దగ్గర జవాబు లేదు చెల్లె. నేను మానేసినంక ఊర్లో మళ్లీ పేరు పెట్టే పిలిచిండ్రు. ఇప్పటికీ మంటగానే ఉంటది.

ఆర్డర్ కాపీలు ఎన్నున్నయో చూసి ఆదివారం ఫోన్ చెయ్యి.

జై భీమ్.
(10వ భాగం: జీతం బకాయిల మీద ఆర్టీఐ ఎట్లా రాయాలె)