గొడ్డలి పట్టిన పర్యావరణం

చెట్టు కనబడితే చాలు చేతులు జోడించే పర్యావరణ భక్తులతో నాకొక పేచీ ఉంది. అమెరికాలో, నెబ్రాస్కా గడ్డిమైదానాల నడుమ పారే ప్లాట్ నదినే చూడండి. ఏటా వసంతంలో 5 లక్షలకు పైగా శాండ్‌హిల్ సారసాలు అక్కడ దిగుతాయి. రాత్రిళ్ళు నది నడుమ పలుచని నీళ్ళలో నిలబడి నిద్రపోతాయి. చుట్టూ బయలుగా ఉంటేనే పొంచివచ్చే శత్రువు కనబడుతుంది. పూర్వం వరదలూ మంచుగడ్డలూ ఇసుకతిన్నెల మీది మొలకలను ఊడ్చుకుపోయేవి. ఎగువన 1941లో పూర్తయిన కింగ్స్‌లీ వంటి ఆనకట్టలు ఆ వరదలను మింగాయి. తిన్నెల మీద కాటన్‌వుడ్, విల్లో చెట్లు బలిశాయి, నది సన్నబడింది.

వయోమింగ్‌లోని గ్రేరాక్స్ ఆనకట్టపై నడిచిన వ్యాజ్యం 1978లో రాజీకి రాగా, ఆ సొమ్ముతో క్రేన్ ట్రస్ట్ పుట్టింది. ఆ రక్షితభూముల్లో చెట్లు కొడతారు, గడ్డికి నిప్పు పెడతారు, 2015 నుంచి బైసన్లను మేపుతున్నారు.

"ప్రకృతిని దాని మానాన వదిలేయరాదా?" అంటారు. వరదకు తాళం వేసి చెవి మన బొడ్డున దోపుకున్నాక "దాని మానాన" అనే మాటకు అర్థమేమిటి? అప్పుడు ఊరకుండటమంటే ఆనకట్ట పక్షం వహించడమే. గొడ్డలి వరదకు సాటిరాదు, ఒప్పుకుంటాను. అసలు మందు నదికి దాని నీటివాటా ఇవ్వడం. అది ఇచ్చేదాకా గొడ్డలి దించే హక్కు మనకు లేదు.

కాదంటారా? రండి, వాదించుకుందాం.