చేపల గృహప్రవేశం

పిల్లలూ! కొత్త ఇంట్లో కాపురం పెట్టేముందు మన పెద్దవాళ్ళు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. మేకులూ, గాజు పెంకులూ ఏరి పారేస్తారు. నేలంతా కడుగుతారు. గుమ్మానికి మామిడాకులు కడతారు. ఆ తరువాతనే పాలు పొంగిస్తారు. ఇంత శ్రద్ధగానూ చేపల కోసం ఇల్లు సిద్ధం చేసే మనుషులు ఉన్నారు. ఆ ఇల్లు ఏమిటనుకున్నారు? ఒక ముసలి యుద్ధనౌక!

అవును, ఓడలకు కూడా ముసలితనం వస్తుంది. ముప్ఫయి, నలభై ఏళ్ళు ఉప్పునీటిలో తిరిగిన తరువాత వాటిని పనిలోనుంచి తప్పిస్తారు. చాలా ఓడలను ముక్కలుగా కోసి పాత ఇనుము కింద అమ్మేస్తారు. గుజరాతులోని అలంగ్ తీరాన ఈ పని పెద్ద ఎత్తున జరుగుతుంది. ఏ కొద్ది ఓడలకో ప్రదర్శనశాల అయ్యే అదృష్టం పడుతుంది. విశాఖపట్నం సముద్రపుటొడ్డున ఉన్న కురుసుర జలాంతర్గామి అలాంటిదే. ఈ రెండూ కాక మూడో దారి మరొకటి ఉన్నది. అది ఓడను శుభ్రం చేసి, కావాలనే సముద్రంలో ముంచటం!

ముంచితే ఏమిటి లాభం? సముద్రపు అడుగున చాలాచోట్ల ఇసుకా, బురదా తప్ప మరేమీ ఉండదు. నీటిలో కొట్టుకుపోయే నాచు బీజాలకూ, అతి చిన్న జీవుల పిల్లలకూ అంటుకొని పెరగటానికి గట్టి చోటు కావాలి. ఇసుక కదిలిపోతుంది, ఇనుపగోడ కదలదు. అందుచేత మునిగిన ఓడ మీద ముందుగా నాచు, గుల్లజీవులు చేరతాయి. వాటిని తినటానికి చిన్న చేపలూ, ఆ చిన్న చేపల కోసం పెద్ద చేపలూ వస్తాయి. వీటన్నిటినీ చూడటానికి మనుషులు కూడా గాలి సిలిండర్లు వీపున కట్టుకొని దిగుతారు. వారినే డైవర్లంటారు. ఇలా మనిషి తయారుచేసిన దిబ్బను కృత్రిమ దిబ్బ అంటారు.

అయితే సముద్రంలో ఏది పడేసినా చేపలకు ఇల్లవుతుందా? కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1972లో ఈ ఉద్దేశంతోనే ఇరవై లక్షలకు పైగా పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో వేశారు. ఉప్పునీటికి కట్లు తెగిపోయాయి. తుఫాను వచ్చినప్పుడల్లా టైర్లు దొర్లుకుంటూ పోయి, పక్కనే సహజంగా పెరిగిన పగడాలను దెబ్బతీశాయి. చివరకు 2007 నుంచి సైన్యానికి చెందిన డైవర్లు దిగి వాటిని పైకి తీయవలసివచ్చింది. అంటే, మంచి ఉద్దేశం ఒక్కటే చాలదన్నమాట!

ఈ సంగతి బాగా తెలిసినవారు కెనడా దేశపు పడమటి తీరంలో ఉన్నారు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1986లో కృత్రిమ దిబ్బల సంఘం ఒకటి ఏర్పడింది. ఈ సంఘాన్ని నడిపేవారు జీతగాళ్ళు కారు, స్వచ్ఛంద సేవకులు. వారు 1991లో జి.బి. చర్చ్ అనే ఓడతో మొదలుపెట్టి, తరువాత అనేక యుద్ధనౌకలను ముంచారు. 2006లో ఒక పాత బోయింగు 737 విమానాన్ని సైతం నీటి అడుగుకు దించారు!

వారి పనులన్నిటిలోకీ కష్టమైనది అన్నాపొలిస్ అనే నౌక పని. 113 మీటర్ల పొడవుగల ఈ డిస్ట్రాయరు 1964లో కెనడా నౌకాదళంలో చేరి, 1996 దాకా పనిచేసింది. సంఘం వారు దానిని 2008లో కొన్నారు. ముంచింది ఎప్పుడో తెలుసా? 2015లో! మధ్య ఏడేళ్ళూ ఏమయినట్టు?

మొదట శుభ్రం చెయ్యటం. తొట్లలోని నూనె చుక్క మిగలకుండా తీసెయ్యాలి. లేకపోతే అది కొంచెం కొంచెంగా కారి నీటిని పాడుచేస్తుంది. నీటిలో తేలే వస్తువులన్నీ ఏరెయ్యాలి. రాగి తీగెలు, ఇత్తడి సామాను విప్పి అమ్మితే ఖర్చులకు కొంత డబ్బు వస్తుంది.

నూనె కంటికి కనిపిస్తుంది. కనిపించని శత్రువు మరొకటి ఉన్నది. దాని పేరు పి.సి.బి. ఈ రసాయనాలు నిప్పుకు ఓర్చుకుంటాయి. అందువల్ల ఒకప్పుడు వీటిని విద్యుత్ పరికరాలలోనూ, తీగెల తొడుగులలోనూ వాడేవారు. 1970ల చివరలో కెనడా, అమెరికా దేశాలు వీటిని నిషేధించాయి. కాని అన్నాపొలిస్ అంతకుముందే కట్టిన ఓడ గదా! పి.సి.బి. తొందరగా నశించదు. చిన్న జీవినుంచి చేపకూ, చేపనుంచి పెద్ద జంతువుకూ చేరి, కొవ్వులో పోగుపడుతుంది. ఆ తీరంలో తిరిగే ఓర్కా తిమింగలాల ఒంట్లో ఇప్పటికే ఈ విషం ఎక్కువగా ఉన్నట్టు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అందుచేత ఓడలో పి.సి.బి. ఉన్నట్టు తేలగానే దాన్ని తొలగించక తప్పలేదు.

ఓడ అడుగున పూసిన రంగులోనూ విషమున్నదని ఆ ప్రాంతం వారు కొందరు భయపడ్డారు. వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. కోర్టు ఇరుపక్షాలూ విని, ముంచటానికి అడ్డు చెప్పలేదు. పని ఆలస్యమయినా, అలా అడిగేవారు ఉండటం మంచిదే. సముద్రం అందరిదీ గదా!

తరువాత డైవర్ల క్షేమం. చీకటి గదిలో దారితప్పితే సిలిండరులో గాలి అయిపోతుంది. అందుకని తలుపులు ఊడదీస్తారు. వేలాడే తీగెలు కాళ్ళకు చుట్టుకోకుండా తీసేస్తారు. లోపలికి వెలుతురు రావటానికీ, మనిషి బయటపడటానికీ ఓడ గోడలలో పెద్ద పెద్ద కంతలు కోస్తారు.

కాని ఆ కంతలతోనూ ప్రమాదమే. యూకన్ అనే మరొక కెనడా నౌకను 2000 జూలైలో అమెరికాలోని శాన్‌డియేగో దగ్గర ముంచబోయారు. అంతా సిద్ధమయింది. ముహూర్తానికి ముందు రాత్రే సముద్రం పొంగి, కంతలగుండా నీరు లోపలికి వచ్చింది. ఓడ ఎవరికోసమూ ఆగక మునిగి, పక్కకు ఒరిగి పడుకున్నది! నేల గోడగా, గోడ నేలగా మారిపోవటంతో, లోపలికి వెళ్ళినవారికి దిక్కు తెలియటం కష్టం.

అన్నాపొలిస్ విషయంలో అలా జరగలేదు. 2015 ఏప్రిల్ 4న గాంబియర్ దీవి పక్కనున్న హాల్కెట్ అఖాతంలో, ఓడ అడుగున అమర్చిన మందుగుండును పేల్చారు. కొద్ది నిమిషాలలోనే ఓడ నీటి అడుగుకు చేరింది. ఏడేళ్ళ చాకిరీ, కొద్ది నిమిషాల వేడుక!

ఆ చల్లని నీటిలో మన పగడాలవంటివి దిబ్బ కట్టవు. ఇలా ముంచిన ఓడల మీద తెల్లని పూలగుత్తులలాగా కనిపించే ఎనిమోనీలు పెరుగుతాయి. అవి పూలు కావు, జీవులు. రాక్‌ఫిష్ అనే చేపలు ఓడ నీడన చేరతాయి. ఇలాంటి ఇల్లు చేపల సంఖ్యను పెంచుతుందా, లేక వేరేచోటి చేపలను ఇక్కడకు రప్పిస్తుందా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

మనం ఇల్లు మారేటప్పుడు ముందుగా వెళ్ళి చూసుకుంటాం. గోడ చెమ్మగా ఉన్నదా, నీళ్ళు మంచివేనా అని అడుగుతాం. చేప అడగలేదు. తలుపు తెరిచి ఉంటే వచ్చి చేరుతుంది, అంతే. అందుకనే ఆ ప్రశ్నలన్నీ దాని తరఫున మనుషులే ముందుగా వేసుకోవాలి.