దిష్టిచుక్క కాదమ్మా, తెరలో చుక్క!

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! ఈ వారం పొయ్యి మీద కూర ఉంటే మంట తగ్గించి ఇలా వచ్చి కూర్చోండి. కంప్యూటర్ సంగతి చెబుతానంటే "అది మగవాళ్ల వ్యవహారంలే" అని పేజీ తిప్పేయకండి. చీటీ కట్టింది మనం, బిడ్డ మన బిడ్డ. మరి కొనే వస్తువు సంగతి మనం తెలుసుకోవద్దూ?

మాది బెలుం గుహల దగ్గర పల్లె. నేను ఇంటర్ వరకే చదివాను. మా పెద్దమ్మాయి మాత్రం పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే పని నేర్చుకుంది. స్టూడియో వాళ్లు ఫొటోలు పంపితే ఇంట్లోనే కూర్చుని సరిచేసి పంపిస్తుంది. పాత తెర మసకబారిందంటే, చీటీ డబ్బు తీసి నంద్యాలలో కొత్త మానిటర్ కొనిపెట్టాను.

మూడోరోజు మజ్జిగ ఇద్దామని వెళ్లి చూస్తే తెర మీద పెళ్లికూతురి ఫొటో. "బుగ్గన దిష్టిచుక్క ఎంత ముచ్చటగా పెట్టారే!" అన్నాను. అమ్మాయి మొహం చిన్నబోయింది. "దిష్టిచుక్క కాదమ్మా. పెళ్లికొడుకు పంచె మీదా ఉంది, తలంబ్రాల పళ్లెం మీదా ఉంది చూడు" అంది. చీమేమోనని కొంగుతో తుడిచాను. పోతేనా!

దాన్ని డెడ్ పిక్సెల్ అంటారట. అంటే పనిచేయని చుక్క. మనం చూసే తెరంతా చుక్కల ముగ్గే. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలు. ఎల్‌సీడీ తెరకు వెనకాల దీపం ఉంటుంది. ముందు ఒక్కో భాగానికీ కిటికీ తెరలాంటి ఏర్పాటు, దాన్ని నడపడానికి కంటికి కనబడనంత చిన్న స్విచ్చి. కిటికీ మూసుకునే ఉండిపోతే నల్లచుక్క. ఏదో ఒక రంగు దగ్గర ఇరుక్కుంటే ఎర్రగానో పచ్చగానో వెలుగుతూనే ఉంటుంది. దాన్ని స్టక్ పిక్సెల్ అంటారు.

గుహల్లో దీపాలన్నీ వెలుగుతూ ఒక మలుపులో ఒక్కటి ఆరిపోయిందనుకోండి. నడవడానికి ఇబ్బంది లేకపోయినా చూపు ఆ చీకటి మీదికే పోతుంది కదా. ఇదీ అంతే.

"ఒక్క చుక్కకు అరవై కిలోమీటర్లు యాడ పోతావులే" అన్నారు మా ఇంటాయన. నేనూ సరేనని ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు. నెల తిరక్కుండానే ఒక ఫొటోలో పెళ్లికూతురి నుదుటి మీద నిజంగానే చిన్న మరక ఉంటే, తెరలోని చుక్కేలే అని అమ్మాయి వదిలేసింది. ఆల్బమ్ అచ్చయి వచ్చాక మరక అలాగే కనబడింది. ఆ పేజీ మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు దాని కూలిలోంచే పోయింది.

అప్పుడు బిల్లు పట్టుకుని కొన్న షాపుకు వెళ్లాం. "ఒకటి రెండు చుక్కలు లోపం కిందికి రావక్కా, కంపెనీ రూలు" అన్నాడతను. వారంటీ కాగితం చదివించుకుంటే నిజమే, ఇన్ని చుక్కల వరకు మార్చరని చిన్న అక్షరాల్లో ఉంది. దీనికి ప్రపంచ ప్రమాణాలు కూడా ఉన్నాయి. 2001లో వచ్చిన ఐఎస్ఓ 13406-2 ప్రకారం రెండో తరగతి తెరలో పది లక్షల చుక్కలకు రెండు నల్లవి, రెండు తెల్లవి ఉన్నా సరిపెట్టుకోవాలి. తర్వాత 2008లో దాని స్థానంలో 9241-307 వచ్చింది. ఒక్క చుక్క కూడా ఉండకూడదనే తరగతీ ఉంది కానీ, మనం కొనే మామూలు తెరలు సాధారణంగా ఆ తరగతివి కావు. ఉత్త చేతులతో తిరిగొచ్చాం.

అందుకే చెబుతున్నాను, చూసుకోవలసింది డబ్బు చేయి దాటకముందే. మా వైపు నాపరాయి కొనేవాళ్లు నీళ్లు చల్లి పగులుందేమో చూస్తారు. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పెట్టేముందు రాయిని తట్టి చూస్తాడు. మనం ఏడు వేల తెరను అట్టపెట్టె విప్పకుండానే మోసుకొస్తామా?

పెన్‌డ్రైవ్‌లో తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఐదు వేసుకెళ్లండి. షాపులోనే తెర నిండా ఒక్కొక్కటే పెట్టించి మూలమూలా చూడండి. తెలుపులో నల్లచుక్క, నలుపులో వెలిగే చుక్క బయటపడతాయి. "ఎన్ని చుక్కలుంటే మారుస్తారు? ఎన్ని రోజుల్లోగా?" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే చూసుకుని, పెట్టె, థర్మోకోల్ దాచిపెట్టండి.

ఇంటికొచ్చాక చుక్క కనబడితే ముందు మెత్తటి పొడిబట్టతో తుడవండి. బొమ్మను పక్కకు జరపండి. చుక్క బొమ్మతోపాటు జరిగితే అది ఫొటోలోది, జరగకపోతే తెరలోది. రంగుచుక్కయితే రంగులు గబగబా మార్చే ఉచిత ప్రోగ్రాములున్నాయి, కాసేపు నడిపి చూడొచ్చు. ఒక్కోసారి కుదురుతుంది, ఒక్కోసారి కుదరదు. వేలితో మాత్రం నొక్కకండి, పక్క చుక్కలూ పాడవుతాయి.

బిల్లులో రాసిన మాట షాపువాళ్లు తప్పితే ఊరుకోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోమంటే కాదనడం అన్యాయమైన వ్యాపారమే. 1915కు ఫోన్ చేయండి. రెండేళ్లలోపు మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువుకు ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.

మొన్న ఆళ్లగడ్డలో మా చెల్లెలి కొడుకు మానిటర్ కొంటుంటే నేనూ వెంట వెళ్లాను. నలుపు పెట్టించగానే కింది మూల ఎర్రచుక్క మెరిసింది. "ఇది వద్దు నాయనా, ఇంకోటి తియ్యి" అన్నాను. రెండోది శుభ్రంగా ఉంది. మా వాడు "పెద్దమ్మా, నీకివన్నీ యాడ తెలుసు!" అన్నాడు. చీటీ డబ్బు నేర్పిన చదువురా అన్నాను.

ఇక మా అమ్మాయి. చుక్క పడేచోట పనిముట్ల పట్టీ పెట్టుకుని, ఫొటోను పక్కకు జరుపుకుని పని సాగిస్తోంది. కొత్త చీటీలో మళ్లీ చేరాను. ఈసారి పెన్‌డ్రైవ్ కూడా చీటీ పుస్తకం పక్కనే పెట్టుకున్నాను. వెళ్లొస్తాను, కూర అడుగంటుతుందేమో చూసుకోండి!