పండగకి టిక్కెట్టా?

పండగ ఎప్పుడో చెప్పడానికి మనకి పంచాంగం వుంది. వినోదాల పార్కులవాళ్ళకీ ఒకటుంది. కాకపోతే దాన్ని రాసేది సిద్ధాంతిగారు కాదు, లెక్కల గుమాస్తా. ఏ నెలలో గేటు దగ్గర జనం పల్చబడ్డారో చూసి, సరిగ్గా అక్కడో పండగ తెచ్చి పెడతాడు.

వాళ్ళ బాధా చెప్పాలి లెండి. రంగులరాట్నం తిరిగినా తిరగకపోయినా నూనె పొయ్యాలి, తోటకి నీళ్ళు పెట్టాలి, పనివాళ్ళకి జీతాలివ్వాలి. సెలవులయి పిల్లలు బళ్ళకి పోగానే ఖర్చు మాత్రం అలాగే వుంటుంది.

యీ కిటుకు పాతదే. కాలిఫోర్నియాలో బ్యూనా పార్క్ అనే వూళ్ళో నాట్ దంపతులు పళ్ళతోట వేసుకుని బతికేవారు. 1934లో ఆ యిల్లాలు కోర్డీలియా తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళాల్లో 65 సెంట్లకి కోడివేపుడు భోజనం వడ్డించింది. మొదటిరోజు ఎనిమిది భోజనాలు. ఆ చేతిరుచికి రానురాను జనం బారులు తీరారు. నిలబడ్డవాళ్ళకి పొద్దుపోవాలని భర్త 1940లో గనుల కాలంనాటి పాడుబడ్డ వూరి నమూనా ఒకటి కట్టడం మొదలెట్టాడు. అదే పెరిగి నాట్స్ బెర్రీ ఫామ్ అనే పార్కయింది. వంటింట్లోంచి పుట్టిన పార్కన్నమాట! (యీ ముక్క మీవారికి చదివి వినిపించండి.) అక్కడే 1973 అక్టోబరులో మూడు రాత్రులు దెయ్యాల వేషాలు కట్టించి, హాలోవీన్ పేరుతో జనాన్ని హడలగొట్టారు. డబ్బిచ్చి మరీ భయపడ్డారు జనం. యిక అందరూ అదే దారి పట్టారు.

ఫ్లోరిడాలో డిస్నీవారి మ్యాజిక్ కింగ్‌డమ్ 1995లో హాలోవీన్ రోజున ఒక్క రాత్రి పార్టీ పెట్టింది. హాలోవీన్ అక్టోబరు 31న. మరి 2024లో ఆ పార్టీలు మొదలైందెప్పుడనుకున్నారు? ఆగస్టు 9న! ముప్పైకి పైగా రాత్రులు. దానికి టిక్కెట్టు వేరే. పగటి టిక్కెట్టువాళ్ళని సాయంత్రానికే సాగనంపుతారు. ఆ ఏడు మన దీపావళీ 31నే వచ్చింది. శ్రావణ శుక్రవారంనాడు పేరంటాళ్ళకి తాంబూలాలిస్తూ పెరట్లో మతాబాలు వెలిగిస్తే ఎలా వుంటుందో ఆలోచించండి.

వాళ్ళ పండగ, వాళ్ళిష్టం అంటారా? యిక్కడా వచ్చింది. హైదరాబాదు పక్కన రామోజీ ఫిల్మ్ సిటీలో దసరా, దీపావళి రోజుల్లో కార్నివాల్ జరిపారు. కొన్ని పార్కులు మార్చి 8 మహిళా దినోత్సవానికి ఆడవాళ్ళకి ఒక టిక్కెట్టు కొంటే యింకోటి వూరికే యిచ్చాయి. మనమీద గౌరవం పొంగిందని మురిసిపోకండి. మార్చి పిల్లల పరీక్షల నెల, గేటు దగ్గర యీగలు తోలుకునే రోజులు.

"అమెరికాలో మనవాళ్ళు వుగాదిని శనివారానికి జరుపుకోవడం లేదూ?" అని ఒక స్నేహితురాలు నిలదీసింది. జరుపుకుంటారు, సెలవు దొరక్క. కాని ఆ శనివారం పులిహోర కలిపిందీ, తోరణం కట్టిందీ, పిల్లలకి పాట నేర్పిందీ వాళ్ళే. తేదీ జరిగినా చెయ్యి మారలేదు. పార్కులో రెండూ మారతాయి.

యింకో మాట మటుకు కొట్టిపారెయ్యలేను. పండగంటే ఆడదానికి తెల్లవారుజామునుంచీ పొయ్యి దగ్గర నిలువుకాళ్ళ చాకిరీ, పార్కులో అయితే కాసేపు కూర్చుంటుంది కదా అంటారు. నిజమే. అయితే ఆ చాకిరీ తగ్గాల్సింది యింట్లోవాళ్ళు గరిటె పట్టుకుంటే గాని, పండగనే ఎత్తి వేరేవాళ్ళకి గుత్తకిస్తే కాదు. అక్కడ ఒకే రంగు చీరలు కట్టిన కళాకారిణులు వేదికమీద బతుకమ్మ ఆడతారు. వాళ్ళనేమీ అనను, వాళ్ళ పొట్టకూడు అది. మనం తాడుకి యివతల నిలబడి సెల్‌ఫోనుతో ఫోటోలు తీస్తాం. మన పిల్లకి బతుకమ్మంటే చూసేది అని తెలుస్తుంది, ఆడేది అని తెలీదు. నా తగువంతా యిక్కడే. ఆట అమ్ముకోండి, పాట అమ్ముకోండి, ప్రదర్శన అని పేరు పెట్టండి. పండగ అనకండి.

రంగులరాట్నం ఎక్కొద్దని నేననను. పండగ మర్నాడు హాయిగా వెళ్ళిరండి. పువ్వులు పేర్చేటప్పుడు మటుకు పిల్లల్ని పిలవండి. గునుగుపువ్వుకి రంగు అద్దితే చేతులకి అంటుకుంటుందని మొదట గొణుగుతారు. కాసేపయ్యాక లెమ్మన్నా లేవరు.