ఎముక అతుకుతుంది.. మరి నరం? రోడ్డు ప్రమాద పరిహారంలో అనంతపురం కూలీకి అసలు చిక్కు ఇదే!

అనంతపురం: కాలు విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. తల పగిలితే స్కానింగ్‌లో తెలుస్తుంది. కానీ భుజం దగ్గర నరం తెగితే..? బయటికి పెద్ద గాయం ఉండదు. రక్తం కారదు. చెయ్యి మాత్రం లేవదు. కారు ఢీకొట్టి బైక్ మీది నుంచి పడ్డ కూలీకి ఆ చెయ్యే ఆస్తి. మరి ఆ చెయ్యి విలువ ఎంత? దాన్ని కోర్టులో ఎలా నిరూపించాలి? ప్రమాదం జరిగిన మొదటి రోజు నుంచే ఈ కేసు గెలుపోటములు మొదలవుతాయి. చాలా మందికి ఈ విషయం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

లెక్కలోకి రానివాళ్లు

హైదరాబాద్-బెంగళూరు 44వ నంబర్ జాతీయ రహదారి ఉమ్మడి అనంతపురం జిల్లాను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. గుత్తి, పామిడి, గార్లదిన్నె, రాప్తాడు, పెనుకొండ.. అన్నీ ఈ దారి మీదో, పక్కనో ఉన్నవే. ఒకవైపు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో కార్లు. మరోవైపు అదే రోడ్డు మీద పొలం పనికి వెళ్లే ఆటోలు, బైకులు.

2024 నవంబర్ 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర ఆర్టీసీ బస్సు, ఆటో ఢీకొన్నాయి. ఆటోలో ఉన్నది పుట్లూరు మండలం ఎల్లుట్లకు చెందిన వ్యవసాయ కూలీలు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదం జరిగిన ప్రతిసారీ టీవీల్లో మృతుల సంఖ్య నడుస్తుంది. "గాయపడినవారిని ఆస్పత్రికి తరలించారు" అన్న ఒక్క వాక్యంతో మిగతావాళ్ల కథ ముగుస్తుంది. నిజానికి వాళ్ల పోరాటం మొదలయ్యేది అక్కడి నుంచే.

ఎక్స్‌రేకి దొరకని దెబ్బ

మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయల్దేరే ఐదు నరాల మూలాలు భుజం దగ్గర ఒక గుంపుగా అల్లుకుని చేతిలోకి దిగుతాయి. డాక్టర్లు దీన్నే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. బైక్ మీది నుంచి ఎగిరి భుజం మీద పడితే.. తల ఒకవైపు, భుజం మరోవైపు లాగేసి ఈ నరాలు సాగిపోతాయి, లేదా తెగిపోతాయి. అలాగే జబ్బ ఎముక విరిగినప్పుడు మణికట్టు వేలాడిపోవచ్చు. మోకాలి పక్కన దెబ్బ తగిలితే పాదం పైకి లేవకపోవచ్చు.

ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, నరాన్ని కాదు. నరం ఎంత దెబ్బతిందో తేల్చడానికి నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు చేయాలి. అవి కూడా మొదటి రోజే చేస్తే సరిగ్గా తేలదు. సాధారణంగా మూడు వారాలు ఆగాలి. ఈలోపే ఆస్పత్రిలో గాయం సర్టిఫికెట్ తయారైపోతుంది. అందులో "భుజం వాపు, గీరుకుపోయిన గాయాలు" అని మాత్రమే ఉంటే? పోలీసు రికార్డులోనూ అది చిన్న గాయంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

రాయలసీమలో చాలా మంది పుత్తూరు కట్టు లాంటి కట్టు వైద్యానికి వెళ్తారు. ఎముక అతుక్కుంటే చాలనుకుంటారు. అయితే నరం పరీక్ష, డిశ్చార్జ్ సమ్మరీ లేకుండా నెలలు గడిచిపోతే తర్వాత కోర్టులో చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

మూడు గడియారాలు.. మూడూ వేర్వేరు

అసలు సమస్య ఇక్కడే ఉంది. నరం దెబ్బతిన్న మనిషి ముందు మూడు గడియారాలు తిరుగుతుంటాయి.

మొదటిది శరీరం గడియారం. తెగిన నరం మళ్లీ పెరిగేది రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరే. భుజం నుంచి వేళ్ల దాకా రెండు అడుగులు అనుకుంటే సుమారు 600 రోజులు. అది కూడా పెరిగితేనే. ఆపరేషన్ అవసరమైతే మొదటి ఆరు నెలల్లోపు చేయడం మేలని వైద్యులు చెబుతారు. ఏడాది, ఏడాదిన్నర దాటితే కండరం కరిగిపోయి, నరం వచ్చినా పని చేయదు.

రెండోది సర్కారు గడియారం. కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద ఒక్కో బాధితుడికి రూ.1.5 లక్షల వరకు వైద్యం అందుతుంది. ప్రాణాలు కాపాడటంలో ఇది పెద్ద ఊరట. కానీ ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులే. నరం దెబ్బ పూర్తిగా తేలేది మూడు వారాలకు!

మూడోది కోర్టు గడియారం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే పరిహారం పిటిషన్ వేయాలి. 1994లో ఎత్తేసిన గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ వచ్చింది. దీన్ని సవాల్ చేస్తూ కేసులు నడుస్తున్నాయి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పిటిషన్లను కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయితే అది తుది తీర్పు కాదు. కాబట్టి ఆరు నెలల్లోపు వేయడమే క్షేమం.

మరి చెయ్యి బాగవుతుందో లేదో తేలకుండానే కేసు ఎలా వేస్తారు? వేయొచ్చు. పిటిషన్ ముందే వేసి, వైకల్యం ఎంతన్నది చికిత్స ముగిశాక డాక్టర్‌తో చెప్పించొచ్చు. బాగయ్యాక చూద్దాంలే అనుకోవడమే అసలు పొరపాటు.

చెయ్యి ఒక్కటే.. విలువ వేరు

పరిహారం లెక్కలో అన్నిటికన్నా కీలకమైనది వైకల్యం శాతం. ఇక్కడ రెండు శాతాలుంటాయి. డాక్టర్ చెప్పే శారీరక వైకల్యం ఒకటి. దానివల్ల సంపాదన ఎంత పోయిందన్నది మరొకటి. ఈ రెండూ ఒకటి కాదని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన మనిషి డ్రైవరో, వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టే. అదే ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడొచ్చు. ఆ తీర్పు ఇచ్చిన ఉదాహరణ ఇదే.

కర్ణాటకలో కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ దారిలోనే వెళ్లింది. సంపాదన నష్టాన్ని 85 శాతంగా తీసుకుంది. ఆదాయానికి రుజువు లేకపోయినా నెలకు రూ.6,500గా లెక్కగట్టింది. రోజు కూలీకి, తోపుడు బండి వ్యాపారికి జీతం రసీదు ఎక్కడి నుంచి వస్తుందన్నది కోర్టు అర్థం చేసుకున్న విషయం.

ఇప్పుడు అనంతపురానికి వద్దాం. వేరుశనగ చెట్టు పీకాలన్నా, చీనీ కాయల గంప ఎత్తాలన్నా, బేల్దారి పనిలో ఇటుక అందించాలన్నా రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి వేలాడిపోతే ఆ మనిషిని కూలికి పిలిచేదెవరు?

తేడా ఎంతో తెలుసా?

ఒక ఊహా లెక్క చూద్దాం. వయసు 30. నెల ఆదాయం రూ.10,000 అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం 40 ఏళ్లలోపు స్వయం ఉపాధిలో ఉన్నవారికి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలపాలి. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే నెలకు రూ.14,000. ఏడాదికి రూ.1,68,000. 30 ఏళ్ల వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 17తో గుణించాలి. మొత్తం రూ.28,56,000.

సంపాదన నష్టం 30 శాతమే అంటే చేతికొచ్చేది రూ.8,56,800. అదే 80 శాతం అంటే రూ.22,84,800. గాయం అదే, మనిషీ అదే. తేడా మాత్రం 14 లక్షల పైమాటే! ఆ తేడాను తేల్చేది డాక్టర్ సాక్ష్యం. ఉత్త సర్టిఫికెట్ ఫైల్‌లో పెడితే చాలదు. దాన్ని ఇచ్చిన డాక్టర్ సాక్ష్యం చెప్పాలి. ఆ చేత్తో ఏ పని చేయగలడు, ఏది చేయలేడన్నది కోర్టుకు తెలియాలి.

దీనికి తోడు వైద్యం ఖర్చులు, నొప్పి-బాధ, తోడు ఉండే మనిషి ఖర్చు, ముందు ముందు చేయించుకోవాల్సిన ఆపరేషన్ల ఖర్చు విడిగా అడగాలి. తీర్పు వచ్చాక మళ్లీ ఆపరేషన్ అవసరమైందంటూ అదనంగా అడిగే వీల్లేదు.

తొందరపడి సంతకం పెడితే..?

ఎవరిది తప్పో నిరూపించకుండానే, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు ఇచ్చే ఏర్పాటు చట్టంలో సెక్షన్ 164 కింద ఉంది. అప్పుల్లో ఉన్న కుటుంబానికి అది పెద్ద మొత్తమే. కానీ ఒక మెలిక ఉంది. దాన్ని సెటిల్‌మెంట్‌గా ఒప్పుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పిటిషన్ అక్కడితో రద్దయిపోతుంది. లోక్ అదాలత్ రాజీ కూడా అంతే. డబ్బు త్వరగా వస్తుంది, కానీ దానిపై అప్పీల్ ఉండదు. వానల్లేక పంట పోయిన ఏడాది ఈ సంతకం మరింత సులువుగా పడుతుంది. ఢీకొట్టి పారిపోయిన కారు ఏదో తెలియకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. తీవ్ర గాయానికి వచ్చేది రూ.50,000 మాత్రమే.

మరో చిక్కు కూలీలు ఎక్కే బండ్లది. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కినవారికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అంటే బొలెరో వెనకాల, ట్రాక్టర్ ట్రాలీలో పనికి వెళ్లేవారికి సొంత బండి పాలసీ మీద ఆశ తక్కువ. ఎదుటి కారుదే తప్పయితే మాత్రం ఆ కారు ఇన్సూరెన్స్ నుంచి అడిగే హక్కు ఉంటుంది.

ప్రమాదం బెంగళూరులో.. కేసు అనంతపురంలో

వలస వెళ్లినవారికి ఒక ఊరట ఉంది. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలన్న రూల్ లేదు. బాధితుడు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. లాయర్ ఫీజు కట్టలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు.

ఇవి మరవొద్దు

- చెయ్యి లేవకపోయినా, పాదం వేలాడినా, తిమ్మిరి ఉన్నా మొదటి రోజే డాక్టర్‌కు చెప్పి కేస్ షీట్‌లో రాయించాలి.
- మూడు వారాల తర్వాత నరాల పరీక్ష చేయించాలి. రిపోర్టు ఒరిజినల్ దాచాలి.
- గాయం సర్టిఫికెట్‌లో నరం సంగతి లేకపోతే కొత్త రిపోర్టును పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకోవాలి.
- మెడికల్ బోర్డు నుంచి సదరం సర్టిఫికెట్ తీసుకోవాలి.
- మందుల బిల్లులు, బెంగళూరు, కర్నూలు ఆస్పత్రులకు తిరిగిన ఛార్జీల టికెట్లు పారేయొద్దు.
- ఆరు నెలలు దాటకుండా పిటిషన్ వేయాలి.

చట్టం కూలీ వైపు లేదని అనలేం. తీర్పులు ఉన్నాయి, లెక్కలూ ఉన్నాయి. లేనిదల్లా మొదటి రోజు ఆస్పత్రిలో రాయాల్సిన ఒక్క వాక్యం.. "చెయ్యి లేవడం లేదు" అని. ఆ వాక్యం పడితే కేసు నిలబడుతుంది. పడకపోతే, నరం తెగిన సంగతి ఆ మనిషికి, ఇంట్లోవాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.